చెప్పి పెట్టే తీపి

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఎదుటి మనిషి మేలు కోరి, ఆ మనిషికి చెప్పకుండా, ఆయన విస్తట్లో ఒక కొత్త పదార్థం వడ్డించవచ్చా? అది విషం కాదు, మత్తుమందూ కాదు. తినవచ్చని కొన్ని దేశాల ప్రభుత్వాలు ఒప్పుకున్న తియ్యటి తెల్లటి పొడి. తింటే రక్తంలో చక్కెర పెద్దగా పెరగదు, నోరు తీపవుతుంది, పండగ పండగలా ఉంటుంది. చెబితే మాత్రం ఆయన తినడు. అప్పుడు చెప్పకుండా పెట్టడం ప్రేమా, మోసమా?

ఇదేం పెద్ద ప్రశ్న, వంటింటి గొడవ కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ నిజాయితీ గురించి మనం నేర్చుకున్న వాటిలో సగం వంటింట్లో నేర్చుకున్నవే. పైగా ఈ చిన్న ప్రశ్న తోక పట్టుకుని వెళితే అది ప్రయోగశాలల్లోకీ, చెరుకు తోటల్లోకీ, ఆసుపత్రి మంచాల దగ్గరికీ తీసుకువెళుతుంది.

నేనుండే ఊరు సింగపూరు. ఇక్కడ తీపి అనేది నోటితో చెప్పి తీసుకునే వస్తువు. వీధి మలుపులో ఉన్న కాఫీ కొట్టుకి వెళ్ళి ఊరికే ‘కోపీ’ అంటే డబ్బా పాలు పోసిన తియ్యటి కాఫీ ఇస్తారు. తీపి తక్కువ కావాలంటే ‘సియుదాయ్’ అనాలి. పాలూ పంచదారా రెండూ వద్దంటే ‘కోపీ ఓ కొసోంగ్’ అనాలి. మలయ్ భాషలో కొసోంగ్ అంటే ఖాళీ, సున్నా. కొత్తగా వచ్చిన తెలుగువాడు ఇంగ్లీషు ఉచ్చారణ కన్నా ముందు ఈ రెండు మాటలు నేర్చుకుంటాడు. నా కప్పులో ఎంత తీపి ఉండాలో నేను చెబుతాను, కొట్టువాడు వింటాడు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.

ఈ ఊళ్ళో తీపి గురించి అంత పట్టింపు ఉండడానికి కారణం లేకపోలేదు. 2016లో ఇక్కడి ఆరోగ్యశాఖ మధుమేహం మీద యుద్ధం ప్రకటించింది. 2017 ఆగస్టులో జాతీయ దినోత్సవ ప్రసంగంలో అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ దేశభద్రత గురించి కాకుండా పసిపిల్లల చదువులూ, షుగరు వ్యాధీ, స్మార్టు నగరం గురించి మాట్లాడారు. ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి మధుమేహం ఉందన్నారు. అరవై దాటిన భారత సంతతి వారిలో అయితే పదిమందికి ఆరుగురికి ఉందన్నారు. అంటే మన సంఘం వారు పండగకి పంక్తిలో కూర్చుంటే, పెద్దవాళ్ళ వరసలో లేనివారిని లెక్కపెట్టడమే సులువు.

*

సరే, అసలు విషయానికి వస్తాను.

మా పక్క బ్లాకులో ఉండే ఒక తెలుగు ఆవిడ ఈ మధ్య ఒక ధర్మసందేహం అడిగింది. ఆవిడ మామయ్యగారు డెబ్భయి నాలుగేళ్ళ మనిషి, అనకాపల్లి దగ్గర పల్లెటూరు. బెల్లం మార్కెట్టు పక్కన పుట్టి పెరిగినవాడు. పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. ఏడాదికి నాలుగు నెలలు కొడుకు దగ్గర ఉండి వెళతారు. ఆహార పదార్థాల పరీక్షలు నా ఉద్యోగంలో భాగం కాబట్టి ఆవిడ నన్ను అడిగింది.

“అన్నయ్యగారూ, ఈ అల్యులోజ్ అనే పొడి మంచిదేనా? మామయ్యగారికి పాయసంలో వేద్దామనుకుంటున్నాను.”

“మంచిదా అంటే, ఎంత వేస్తావమ్మా?”

“పంచదార వేసినంతా. ఇంకాస్త ఎక్కువేనేమో, దీనికి తీపి తక్కువట. అయితే ఆయనకి చెప్పను. చెబితే, ‘ఫ్యాక్టరీ పిండి నాకెందుకమ్మా, పాయసం లేకపోతే మానె’ అంటారు. చెప్పకపోతే రెండోసారి అడిగి వేయించుకుంటారు. ఆయన సంతోషంగా తింటే చూడాలని ఉంది.”

ఆ చివరి మాటలో ఉన్న ప్రేమని నేను కాదనలేను. మామగారు తీపి తింటే చూసి సంతోషించే కోడలు దొరకడం ఆయన అదృష్టం. అందుకే ఈ ప్రశ్న కష్టమైనది. చెడ్డవాళ్ళు చేసే మోసం గురించి వ్యాసాలు రాయనక్కరలేదు. మంచివాళ్ళు ప్రేమతో చేసే మోసం గురించే ఆలోచించాలి.

ముందు ఆ పొడి ఏమిటో చూద్దాం.

అల్యులోజ్ అరుదైన చక్కెర. దీనికే సైకోజ్ అని ఇంకో పేరు. అంజూరపండ్లలో, కిస్‌మిస్‌లో, గోధుమలో రవ్వంత ఉంటుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్‌లో ఎన్ని కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయో దీనిలోనూ సరిగ్గా అన్నే ఉంటాయి. మూడో కార్బన్ దగ్గర ఉన్న ఒక కొమ్మ మాత్రం ఇటు బదులు అటు తిరిగి ఉంటుంది. తాళంచెవికి ఒక్క పన్ను తిరగబడినట్టన్నమాట. నాలుక మీది తాళం ఆ చెవితో కూడా తెరుచుకుంటుంది కాబట్టి తియ్యగా ఉంటుంది, పంచదార తీపిలో నూటికి డెబ్భయి వంతులు. లోపల శక్తిని తయారుచేసే తాళాలు మాత్రం తెరుచుకోవు. పేగుల్లో పీల్చుకున్నది చాలావరకు మారకుండా మూత్రంలో వెళ్ళిపోతుంది. పంచదార గ్రాముకి నాలుగు కేలరీలు ఇస్తే, అమెరికా ఆహార ఔషధ సంస్థ దీనికి 0.4 కేలరీ లెక్క కడుతుంది.

ప్రకృతిలో అంత అరుదైనది కిలోల సంచుల్లోకి ఎలా వచ్చింది? జపానులోని కగావా విశ్వవిద్యాలయంలో కెన్ ఇజుమోరి అనే ఆచార్యుడు 1990ల మొదట్లో మట్టిలోని ఒక బాక్టీరియాలో ఒక ఎంజైము కనిపెట్టాడు. అది ఫ్రక్టోజ్ కొమ్మని అటు తిప్పగలదు. ఇప్పుడు కర్మాగారాల్లో మొక్కజొన్న పిండిని గ్లూకోజ్‌గా, దాన్ని ఫ్రక్టోజ్‌గా, దాన్ని ఈ జాతి ఎంజైములతో అల్యులోజ్‌గా మారుస్తారు. ఒక చిక్కు ఉంది. ఎంజైము ఎంత పనిచేసినా మామూలుగా మూడోవంతు మించి మారదు, ఎందుకంటే అటు మారేదీ ఇటు తిరిగొచ్చేదీ ఒకచోట సమానమైపోతాయి. అందుకని మారినదాన్నీ మారనిదాన్నీ పెద్ద పెద్ద స్తంభాల గుండా పంపి విడదీసి, మారనిదాన్ని మళ్ళీ మొదటికి పంపి, మారినదాన్ని స్ఫటికాలుగా చేస్తారు. ఖరీదంతా అక్కడే. మామయ్యగారు దాన్ని ఫ్యాక్టరీ పిండి అనడం అన్యాయమేమీ కాదు. ఆ మాటకొస్తే మనం తినే తెల్ల పంచదారా ఫ్యాక్టరీదే అనుకోండి.

*

ఇక పరీక్షల సంగతి. ఎలుకలకి ఒక్కసారిగా ఎక్కువ మోతాదు ఇచ్చి చూశారు, నెలల తరబడి రోజూ పెట్టి చూశారు, జన్యువులకి హాని చేస్తుందేమో చూశారు. ఆ వివరాలు చదివి, 2012లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఒక కొరియా కంపెనీ పంపిన నివేదిక మీద తమకు ప్రశ్నలేమీ లేవని జాబు రాసింది. 2020లో ఇంకో అడుగు వేసి, డబ్బా మీద ‘మొత్తం చక్కెరలు’ అన్న లెక్కలో దీన్ని కలపకపోయినా అభ్యంతరం చెప్పమంది. రసాయనశాస్త్రం ప్రకారం చక్కెరే, చీటీ లెక్కలో మాత్రం కాదు! ఐరోపా సంగతి వేరు. 1997 మే 15కి ముందు అక్కడి జనం చెప్పుకోదగినంతగా తినని ఏ పదార్థమైనా నవీన ఆహారం కిందే లెక్క, అమ్మేముందు నిరూపణ భారం అమ్మేవాడిదే. ఒకే పొడి, ఒకే ఎలుకలు. ఒకరు ‘హాని కనబడలేదు కదా’ అంటారు, ఇంకొకరు ‘హాని లేదని ఇంకా చూపించలేదు కదా’ అంటారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే ఆహార భద్రతాశాస్త్రం మొత్తం.

మనుషుల మీదా పరీక్షించారు. కొరియాలో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకి మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చారు. శరీర బరువులో కిలోకి 0.4 గ్రాము వరకు ఒక్కసారిగా తీసుకోవచ్చనీ, రోజు మొత్తానికి 0.9 గ్రాము దాటవద్దనీ తేల్చారు. దాటితే విరేచనాలు, వికారం, కడుపునొప్పి.

ఈ అంకెల్ని ఆ కోడలిగారి పాయసం గిన్నెలో వేసి చూద్దాం. ఒక గిన్నెడు పాయసంలో ఇరవై గ్రాముల పంచదార ఉంటుందనుకోండి. అంత తీపి రావాలంటే అల్యులోజ్ సుమారు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది గ్రాములు పడుతుంది. మామయ్యగారు అరవై కిలోలుంటే ఆయన ఒక్కసారి తినదగినది ఇరవై నాలుగు గ్రాములు. రెండోసారి అడిగి వేయించుకోవడం దాకా అక్కరలేదు, మొదటి గిన్నెతోనే గీత దాటారు. పక్కన కూర్చున్న మనవరాలు ఇరవై కిలోలుంటే, అదే లెక్కన దానికి ఎనిమిది గ్రాములు, అంటే రెండు చెంచాలైనా లేదు. ఆ లెక్క కూడా పెద్దవాళ్ళ మీద చేసిన పరీక్షది, పిల్లలది కాదు. రాత్రి ఇంటిల్లిపాదికీ కడుపులు గడబిడ చేస్తే కారణం కోడలికి తప్ప ఎవరికీ తెలియదు. ముసలాయన తన పేగుల్నో, పొద్దున తిన్న పెరుగునో తిట్టుకుంటాడు. డాక్టరు అడిగితే “కొత్తగా ఏమీ తినలేదండీ” అని నిజాయితీగా అబద్ధం చెబుతాడు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. షుగరు ఉన్న మనిషి పదిహేనేళ్ళపాటు తన వేలు గుచ్చుకుని ఒక శాస్త్రం నేర్చుకుంటాడు. ఇది తింటే ఇంత పెరిగింది, అది తింటే అంత. ఆ చిన్న యంత్రమే ఆయన గురువు. పాయసం తిన్నాడు, తీపి ఎప్పటిలాగే ఉంది, రెండు గంటల తరవాత చూసుకుంటే అనుకున్నంత పెరగలేదు. సేమ్యాలోని పిండి వల్ల కొంత పెరుగుతుందిలెండి, అయినా తక్కువే. ఆయన ఏమనుకుంటాడు? ‘పరవాలేదు, నా ఒంటికి తీపి పడుతోంది’ అనుకుంటాడు. నెల తరవాత అనకాపల్లి వెళ్ళి అసలు బెల్లం పరమాన్నం మూడు గరిటెలు వేయించుకుంటాడు. ఇంకో రకం మనుషులున్నారు. పండగనాడు తీపి తినబోతున్నామని ఇన్సులిను ముందే కాస్త ఎక్కువ పొడుచుకుంటారు. విస్తట్లో ఉన్నది తాను అనుకున్న చక్కెర కాకపోతే ఆ ఇన్సులిను ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు.

అంటే, మనం దాచినది ఒక పొడి పేరు మాత్రమే కాదు. ఆ మనిషి తన ఒంటి గురించి తాను తెలుసుకునే దారిని మనం పాడుచేశాం.

*

తియ్యటి పదార్థాల చరిత్రలో ఈ గొడవ చాలా పాతది. శాకరిన్ 1879లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. తారు నుంచి తీసిన పదార్థాలతో పనిచేస్తున్న కాన్‌స్టంటైన్ ఫాల్‌బెర్గ్ చేతి వేళ్ళు భోజనం వేళ తియ్యగా తగలడం వల్ల ఆ సంగతి తెలిసిందంటారు. ముప్పై ఏళ్ళు తిరగకుండా అది డబ్బాల్లో నిలవచేసిన మొక్కజొన్నలో పంచదారకి బదులుగా చేరింది. అప్పుడు అమెరికా ప్రభుత్వ రసాయన విభాగానికి హార్వే వైలీ అనే ఆయన అధిపతి. 1902లో పన్నెండు మంది యువకుల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాళ్ళ ఒప్పుదలతో ఆహారంలో బోరాక్స్ లాంటి నిలవమందులు కలిపి పెట్టి ఏమవుతుందో చూసిన మనిషి. పత్రికలవాళ్ళు ఆ కుర్రాళ్ళకి ‘విషదళం’ అని పేరు పెట్టారు.

వైలీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఎదుట శాకరిన్ మీద రెండు ఆరోపణలు చేశాడు. ఒకటి, తిన్నవాడు పంచదార తింటున్నాననుకుంటూ తారు నుంచి వచ్చిన పదార్థం తింటున్నాడు, మోసపోతున్నాడు. రెండు, అది ఆరోగ్యానికి మహా హానికరం. రూజ్‌వెల్ట్‌కి కోపం వచ్చింది. నా డాక్టరు నాకు రోజూ శాకరిన్ ఇస్తున్నాడు, అది హానికరమనేవాడు మూర్ఖుడు అన్నాడు. వైలీ పలుకుబడి ఆనాటితో తగ్గింది. శతాబ్దం తరవాత చూస్తే ఆ రెండో ఆరోపణ విషయంలో రూజ్‌వెల్టే చాలావరకు ఒప్పు. కానీ మొదటి ఆరోపణకి ఆయన జవాబే చెప్పలేదు. రూజ్‌వెల్ట్ శాకరిన్‌ని తెలిసి తింటున్నాడు. మొక్కజొన్న డబ్బా కొన్నవాడు తెలియక తింటున్నాడు. పదార్థం ఒకటే అయినా ఈ ఇద్దరూ తిన్నది ఒకటి కాదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. ‘హాని లేదు’ అన్నది ‘మోసం లేదు’ అన్నదానికి జవాబు కాదు.

ఇంకో కథ దీనికి తలకిందులు. పంచదార పళ్ళని పుచ్చబెడుతుందని ఇవాళ చిన్నపిల్లలకీ తెలుసు. అది గట్టిగా రుజువైన చోటు స్వీడన్‌లోని లుండ్ పట్టణం, వీపెహోల్మ్ ఆసుపత్రి. 1940ల చివర్లో అక్కడ మానసిక వైకల్యం ఉన్నవారికి, పళ్ళకి అంటుకుపోయేలా ప్రత్యేకంగా చేయించిన టాఫీలు రోజూ పెట్టారు. వాళ్ళకి చెప్పలేదు, వాళ్ళు ఒప్పుకోలేదు, ఒప్పుకునే స్థితిలోనూ లేరు. పదుల మంది పళ్ళు పూర్తిగా పాడయ్యాయి. ఖర్చులో కొంత మిఠాయి వ్యాపారులే భరించారు. దాని ఫలితంగానే స్వీడన్‌లో పిల్లలకి తీపి శనివారం ఒక్కరోజే ఇవ్వాలన్న మంచి అలవాటు వచ్చింది. ఆ జ్ఞానం నిజమైనదే, మేలు చేసినదే. అయినా ఆ నోళ్ళు ఎవరివో తలుచుకుంటే ఆ మేలు గొంతు దిగదు.

మనవాళ్ళకి ఈ కథ మరీ కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మారిషస్, నటాల్ చెరుకు తోటలకీ, తరవాత ఫిజీకీ, ఇక్కడికి ఉత్తరాన పెనాంగుకి ఎదురుగా ఉన్న వెల్లెస్లీ ప్రావిన్సు చెరుకు తోటలకీ కూలికి వెళ్ళినవారిలో తెలుగువారున్నారు. అగ్రిమెంటు అన్న మాట ఫిజీలో ‘గిర్మిట్’ అయింది. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళు ప్రపంచానికి పంచదార పండించారు. నిన్నమొన్నటి సంగతి చెప్పాలంటే, 2011లో పిడుగురాళ్ళ నుంచి పేద స్త్రీలను హైదరాబాదుకి తీసుకువెళ్ళి మందుల పరీక్షల్లో వాడారన్న వార్త రాష్ట్రాన్ని కుదిపింది. కాగితాల్లో ఏముందో వాళ్ళకి తెలియదని పత్రికలు రాశాయి. ఆ తరవాత 2013లో, సుప్రీంకోర్టు జోక్యంతో, ఒప్పుదల తీసుకునే ఘట్టాన్ని వీడియో తియ్యాలన్న నిబంధన దేశంలో వచ్చింది. కాగితం మీద వేలిముద్ర ఉన్నంతమాత్రాన ఒప్పుదల ఉన్నట్టు కాదని మనం నేర్చుకోవడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది.

అరుదైన చక్కెరలూ మన దేశం దాకా వచ్చాయి. టాగటోజ్ అని అల్యులోజ్‌కి దగ్గర చుట్టం ఒకటుంది. దాన్ని తీపి పదార్థంగా ప్రచారంలోకి తెచ్చినవాడు గిల్బర్ట్ లెవిన్. 1976లో కుజగ్రహం మీద దిగిన వైకింగ్ నౌకల్లో జీవం కోసం వెతికే ఒక ప్రయోగం ఆయనదే. దాన్ని మధుమేహానికి మందుగా పరీక్షించే పనిలో 2000ల చివర్లో అమెరికాతోపాటు భారతదేశంలోనూ రోగులు పాల్గొన్నారు. నెలల తరబడి రోజుకి మూడుసార్లు తాగి, రక్తం ఇచ్చారు. అది మందుగా బజారుకి రాలేదు. వాళ్ళు తమ ఒళ్ళు అప్పిచ్చారు, లాభం ఎవరికీ పెద్దగా రాలేదు, అయినా తెలుసుకున్నది మిగిలింది. మనం ఇవాళ ‘ఇంత తింటే పరవాలేదు’ అని చదివే ప్రతి అంకె వెనకా అలాంటి మనుషులే ఉన్నారు. కడుపునొప్పి వస్తుందని ముందే విని, సరేనని సంతకం పెట్టి, నిజంగానే కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్ళు.

ఇప్పుడు చూడండి. ముక్కూమొహం తెలియని కుర్రాడికి కప్పుడు తియ్యటి నీళ్ళు ఇవ్వడానికి ప్రయోగశాల ఒక సంఘం అనుమతి తీసుకుని, ఏమవుతుందో విప్పి చెప్పి, సంతకం చేయించుకుంటుంది. సొంత మామగారికి అదే ఇవ్వడానికి మనకి ఒక్క మాట చెప్పడం బరువైపోయింది!

*

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, అవి తేలికైనవేమీ కావు.

మొదటిది ఆ కోడలు గారే అడిగింది. “మా అమ్మమ్మ చేదుమాత్ర అరటిపండులో పెట్టి మింగించేది, అదీ మోసమేనా?” కాదు. పసివాడికి మంచిచెడ్డలు తెలియవు, ఆ పని మనం వాడి బదులు చేస్తాం. మతి తప్పిన వృద్ధుల విషయంలోనూ ఒక్కొక్కప్పుడు అలా చెయ్యక తప్పదు, అదీ డాక్టరుకి తెలిసి. కానీ రోజూ పేపరు చదివి రాజకీయాలు మాట్లాడే డెబ్భయి నాలుగేళ్ళ మనిషిని అరటిపండు వయసుకి దించే హక్కు మనకి ఎవరిచ్చారు? ముసలితనం రెండో బాల్యం అంటాం, ముద్దుగానే అంటాం. ఆ ముద్దులో కొంచెం అధికారం ఉంది.

రెండోది, ప్రభుత్వాలూ కంపెనీలూ చెప్పకుండా తీపి తగ్గించడం లేదా అని. తగ్గించాయి. సింగపూరులో 2017లో సీసా పానీయాల్లో చక్కెర సగటున, మధ్యస్థ విలువలో చెప్పాలంటే, 7.1 శాతం ఉండేది. 2023కి 4.6 శాతానికి దిగింది. తాగేవాడిని పిలిచి అడగలేదు నిజమే. కానీ సీసా మీద రాసి ఉంది. 2022 డిసెంబరు 30 నుంచి న్యూట్రిగ్రేడ్ అనే పద్ధతిలో ఎ నుంచి డి దాకా మార్కులు వేస్తున్నారు. సి, డి వచ్చినవి ఆ అక్షరాన్ని మొహం మీద వేసుకు తిరగాలి. డి వచ్చినవాటికి ప్రకటనలు నిషేధం. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. చక్కెర బొత్తిగా లేకపోయినా, బదులు తీపి కలిపితే ఆ పానీయానికి ఎ ఇవ్వరు. తీపి తగ్గించడం వేరు, తీపికి మారువేషం వెయ్యడం వేరు అని ఆ చిన్న నిబంధన గుర్తించింది. కావలసినవాడు బి తాగుతాడు, తెలిసే తాగుతాడు.

మూడోది కాస్త సూక్ష్మం. శాస్త్రజ్ఞులే పరీక్షల్లో ఏ కప్పులో ఏముందో చెప్పరు కదా? చెప్పరు. ఇచ్చేవాడికీ తెలియకుండా చేస్తారు. కానీ ఏ కప్పులో ఏముందో తమకి తెలియనివ్వరని పాల్గొన్నవారికి ముందే తెలుసు, దానికీ వాళ్ళు ఒప్పుకున్నారు. తెలియకపోవడానికి కూడా అనుమతి అడగవచ్చన్నమాట.

చివరికి ఆ ఇంట్లో జరిగింది ఇదే. ఆవిడ మామయ్యగారికి చెప్పింది. ఆయన పొడిని అరచేతిలో వేసుకుని, నాలుకకి అద్దుకుని, “చల్లగా ఉందే!” అన్నారు. కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు. “పండగనాడు అసలు బెల్లం, చిన్న గిన్నె, ఒక్కసారి. మిగతా రోజుల్లో ఎప్పుడైనా ఇది కొద్దిగా వెయ్యి. ఏ రోజు ఏది వేశావో ముందు చెప్పకు. తిని నేను చెబుతాను, తరవాత నువ్వు చెప్పు. చూద్దాం నా నాలుక ఇంకా పనిచేస్తోందో లేదో.” డాక్టరుతో కూడా ఒక మాట అనుకున్నారట. తినననుకున్న మనిషి తిన్నాడు, అదీ పందెం వేసి మరీ. ఒకవేళ ఆయన వద్దని ఉంటే? అప్పుడు పాయసం లేకుండానే భోజనం అయ్యేది. వద్దనే వీలు లేనిచోట సరే అన్న మాటకి విలువ ఉండదు కదా.

*

సురక్షితం అన్న మాటని మనం పదార్థం మీద అంటించిన చీటీలా వాడుతున్నాం. అది పదార్థంలో ఉండే గుణం కాదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు, దేనికి బదులుగా అన్న నాలుగు ప్రశ్నలకి జవాబు. ఆ నాలుగింటిలో పరీక్షశాల చెప్పగలిగినది కొంతే. ఎరిత్రిటాల్ అనే బదులు తీపిని ఏళ్ళ తరబడి నిశ్చింతగా వాడారు. 2023లో దానికీ గుండెజబ్బులకీ సంబంధం ఉండవచ్చన్న అధ్యయనం ఒకటి వచ్చింది. అదే కారణమని అది తేల్చలేదు, కానీ నిశ్చింత పోయింది. అల్యులోజ్ బజారులో విరివిగా దొరకడం 2015 ప్రాంతాల నుంచే కాబట్టి, ఇరవయ్యేళ్ళు రోజూ తిన్నవాళ్ళ లెక్కలు రావాలంటే ఇరవయ్యేళ్ళు గడవాలి. అది చెడ్డదని నేను అనడం లేదు. షుగరు ఉన్న మనిషికి పంచదార కన్నా అదే మేలు కావచ్చు. నేననేది ఒక్కటే. మిగిలిన ఆ కాస్త అనిశ్చితిని ఎవరో ఒకరు తమ ఒంటి మీద మొయ్యాలి. మోసేవాడికి తాను మోస్తున్నానని తెలియాలి.

వలస వచ్చిన మనకి ఇది ఇంకాస్త వర్తిస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇక్కడ దారి తెలియదు, భాష తెలియదు, ఏ డబ్బాలో ఏముందో తెలియదు. డాక్టరు మాటలూ మందుల చీటీలూ మన నోటి గుండానే వాళ్ళ దగ్గరికి వెళతాయి. ఎంత చెప్పాలో, ఎంత మింగాలో మన చేతిలో ఉంది. వాళ్ళ మంచికే అనుకుంటూ ఒక్కొక్కటీ దాచుకుంటూ పోతే, చివరికి వాళ్ళు మన ఇంట్లో బాగా చూసుకోబడుతున్న అతిథులుగా మిగులుతారు, పెద్దలుగా కాదు. మన పిల్లలు ఇదంతా చూస్తున్నారన్న సంగతి వేరే చెప్పక్కరలేదు. రేపు మన విస్తట్లో వడ్డించేది వాళ్ళే.

ఏమీ తెలియని కాఫీ కొట్టువాడు కూడా రోజూ పొద్దున నన్ను ఎంత తీపి కావాలని అడుగుతాడు. ప్రేమించినవాళ్ళం మనం అంతకన్నా తక్కువ అడిగితే ఎలా?